గౌరి రాసిన మూడు పుస్తకాలు

ఝుంపా లాహిరి గురించి మనం మాట్లాడుకునే తీరు ఇరవై అయిదేళ్ళుగా పెద్దగా మారలేదు. మొదట్లో అంతా ప్రవాసం, అస్తిత్వం, రెండు సంస్కృతుల మధ్య నలుగుబాటు. ఆమె ఇంగ్లీషు వదిలి ఇటాలియన్‌లో రాయడం మొదలుపెట్టాక ఒకటే ఆశ్చర్యం, ఎందుకు వెళ్ళింది, ఏం తక్కువైంది అని. యూనివర్సిటీల్లో ఆమె మీద జరిగే పరిశోధన సంగతి చెప్పనే అక్కర్లేదు. 'డయాస్పోరా' అన్న మాట శీర్షికలో లేకపోతే టాపిక్ కమిటీ దాటదు. నా సిద్ధాంత గ్రంథం శీర్షికలోనూ ఆ మాట ఉంది. ఆ మాట తప్పని కాదు. కానీ దాని వెలుగు పడని మూల ఒకటి ఆమె రచనల్లో ఉందని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. లాహిరి కథల్లో పాఠం చెప్పే స్త్రీలు ఉన్నారు. చదువుకుని, పరిశోధన చేసి, విశ్వవిద్యాలయంలో ఉద్యోగం సంపాదించుకున్న స్త్రీలు. వాళ్ళని ఒక వరసలో నిలబెట్టి చూస్తే ఆమె రచనా జీవితం వేరేగా కనిపిస్తుంది.

మొదటి పుస్తకంలో వాళ్ళు లేరు. 1999లో వచ్చి 2000లో పులిట్జర్ బహుమతి తెచ్చుకున్న 'ఇంటర్‌ప్రెటర్ ఆఫ్ మాలడీస్' కథల్లో పాఠాలు చెప్పేది మగవాళ్ళు. ఆడవాళ్ళు వాళ్ళ క్వార్టర్లలో ఉంటారు. 'మిసెస్ సేన్స్' కథ గుర్తు చేసుకోండి. మొగుడు యూనివర్సిటీలో లెక్కలు చెప్తాడు. ఆమె బడి వదిలాక ఒక అమెరికన్ పిల్లవాడిని చూసుకుంటూ, నేల మీద పేపర్లు పరుచుకుని, కలకత్తా నుంచి తెచ్చుకున్న కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరుగుతుంది. (ఇంగ్లీషు విమర్శకులు ఆ కత్తిపీటను వర్ణించడానికి నానా తంటాలూ పడతారు. మన అమ్మమ్మలకు చూపిస్తే ఒక్క క్షణంలో గుర్తుపడతారు.) ఆమెకు కావలసింది తాజా చేప. దానికోసం కారు నడపడం నేర్చుకోవాలి. ఆ కారే చివరికి ఆమెను ఓడిస్తుంది. 'ది నేమ్‌సేక్'లో అషిమాదీ మొదట్లో ఇలాంటి జీవితమే. భర్త అశోక్ ప్రొఫెసర్ అవుతాడు. ఆమె చాలా ఏళ్ళ తర్వాత లైబ్రరీలో చిన్న ఉద్యోగంలో చేరుతుంది. ఈ స్త్రీలను లాహిరి ఎంత ప్రేమగా, ఎంత దగ్గరగా రాసిందో అందరూ చెప్పారు. వాళ్ళు ఆమె తల్లి తరం. ఆ తరం ఒంటరితనానికి ఆమె రాసిన కథలు సాక్ష్యాలు. అక్కడ నాకు పేచీ లేదు.

పేచీ వాళ్ళ కూతుళ్ళ దగ్గర మొదలవుతుంది. 2003లో 'ది నేమ్‌సేక్'లో మౌషుమి, 2008లో 'అన్‌అకస్టమ్డ్ ఎర్త్' చివరి కథల్లో హేమ, 2013లో 'ది లోలాండ్'లో గౌరి, 2018లో ఇటాలియన్‌లో వచ్చిన 'దోవే మి త్రోవో'లో పేరు లేని కథకురాలు. సరిగ్గా అయిదేళ్ళకొకరు. (గౌరి వయసు రీత్యా తల్లుల తరమే. కానీ ఆమె బతికిన బతుకు కూతుళ్ళది.) నలుగురూ యూనివర్సిటీ మనుషులే. నలుగురూ ఇల్లు అనేదానికి ఏదో ఒక రకంగా దూరం జరిగినవాళ్ళే. ఈ నలుగురికీ వాళ్ళ రచయిత్రి ఏం చేసింది అన్నదే నా ప్రశ్న.

మౌషుమి ఫ్రెంచి సాహిత్యంలో పీహెచ్‌డీ చేస్తుంటుంది. బెంగాలీ తల్లిదండ్రులది, ఇంగ్లీషు అమెరికాది, రెండూ తనవి కావు. మూడో భాషలో మాత్రమే ఆమెకు ఊపిరి ఆడుతుంది. పారిస్ వెళ్ళి బతుకుతుంది. తర్వాత తొమ్మిదేళ్ళకు లాహిరే స్వయంగా కుటుంబంతో రోమ్ వెళ్ళి మూడో భాషలోకి మకాం మారుస్తుందని 2003లో ఎవరికి తెలుసు? ఇప్పుడు వెనక్కి తిరిగి చదివితే ఆ పేజీలు కాస్త ఉలికిపాటు కలిగిస్తాయి. తన సొంత కోరికను ముందుగానే ఒక పాత్రకు ఇచ్చి చూసుకుంది రచయిత్రి. ఇచ్చి, ఆ పాత్రను ఏం చేసింది? గోగోల్‌ను మోసం చేసిన భార్యను చేసింది. ఒక అధ్యాయం పాటు మౌషుమి మనసులోకి మనల్ని తీసుకెళ్తుంది. ఆమె పాఠం చెప్పడానికి వెళ్ళే దారిలో, డిపార్ట్‌మెంటులో గుమాస్తాగా పనిచేసే స్త్రీ ఆ పూటే చనిపోయిందని తెలుస్తుంది. చిందరవందరగా పడి ఉన్న ఉత్తరాలు సర్దుతుంటే పాత పరిచయస్తుడు దిమిత్రి ఉద్యోగ దరఖాస్తు చేతికి తగులుతుంది. ఆ తర్వాత అంతా వ్యభిచార కథే. పెళ్ళి విరిగాక నవల ఆమెను వదిలేసి గోగోల్‌తో, అతని తల్లితో వెళ్ళిపోతుంది. మౌషుమి థీసిస్ పూర్తయిందా? నవలకు అక్కర్లేదు.

హేమ గురించి క్లుప్తంగానే చెప్తాను. ఆమె లాటిన్ ప్రొఫెసర్. ఇంట్లో చూసిన సంబంధానికి ఒప్పుకుని, పెళ్ళికి ముందు కొన్నాళ్ళు ఎత్రుస్కన్ల మీద పని చేసుకోవడానికి రోమ్ వస్తుంది. అక్కడ కౌశిక్ తగులుతాడు. చదువుకోసం తీసుకున్న గడువు ప్రేమ కథకు గడువుగా మారిపోతుంది. కౌశిక్ 2004 సునామీలో పోతాడు. హేమ నవీన్‌ను పెళ్ళి చేసుకుంటుంది. ఆ కథలు చాలా బాగుంటాయి, కాదనను. ముఖ్యంగా సమాధి పెట్టె మీద పక్కపక్కన ఒరిగి ఉన్న దంపతుల శిల్పాన్ని హేమ చూసే చోటు. కానీ ఒక్కటి గమనించాలి. హేమ రోమ్ రావడానికి ఇంట్లో అబద్ధం చెప్తుంది, అక్కడి సంస్థలో తనకు బోధన పని ఉందని. పెళ్ళికి ముందు ఒంటరిగా ఉండి నా పని నేను చేసుకుంటాను అని ముప్పై ఏడేళ్ళ ప్రొఫెసర్ నోరు తెరిచి చెప్పలేకపోయింది. మనలో ఎంతమంది సెమినార్ ఉందని చెప్పి లైబ్రరీలో కూర్చోలేదు?

ఇక గౌరి. నేనీ వ్యాసం రాయడానికి కారణం గౌరే.

'ది లోలాండ్' కథ తెలుగు పాఠకులకు దూరమైనది కాదు. కలకత్తా టాలీగంజ్‌లో పదిహేను నెలల తేడాతో పుట్టిన అన్నదమ్ములు సుభాష్, ఉదయన్. 1967 నక్సల్బరీ తర్వాత తమ్ముడు ఉద్యమంలోకి, అన్న రోడ్ ఐలండ్‌కి చదువుకోసం. ఉదయన్ ప్రెసిడెన్సీ కాలేజీలో తత్వశాస్త్రం చదివే గౌరిని ఇంట్లో చెప్పకుండా పెళ్ళి చేసుకుంటాడు. పోలీసులు అతన్ని ఇంటి పక్క పల్లపు నేలలో, తల్లిదండ్రులూ భార్యా చూస్తుండగా పట్టుకుని కాల్చేస్తారు. అదే ఏళ్ళలో శ్రీకాకుళం ఏజెన్సీలో, ఉద్దానంలో ఏం జరిగిందో తెలిసిన మనకు ఈ దృశ్యం కొత్తది కాదు. కడుపుతో ఉన్న గౌరికి అత్తగారింట్లో చేప పెట్టరు, రంగు చీర కట్టనివ్వరు. బిడ్డ పుట్టాక బిడ్డను ఉంచుకుని ఆమెను పంపేయాలని వాళ్ళ ఆలోచన. సుభాష్ ఆమెను పెళ్ళి చేసుకుని అమెరికా తీసుకెళ్తాడు. అక్కడ ఆమె జుట్టు కత్తిరించుకుంటుంది, చీరలన్నీ ముక్కలు చేస్తుంది. బేలా పుడుతుంది. గౌరి ఫిలాసఫీ క్లాసుల్లో వెనక కూర్చుని వినడం మొదలుపెట్టి పీహెచ్‌డీ దాకా వెళ్తుంది. బేలాకు పన్నెండేళ్ళప్పుడు, తండ్రీ కూతురూ కలకత్తా వెళ్ళి వచ్చేలోపల, కూతురు చదవలేని బెంగాలీలో ఒక ఉత్తరం రాసి పెట్టి, కాలిఫోర్నియాలో ఉద్యోగానికి వెళ్ళిపోతుంది. మళ్ళీ తిరిగి చూడదు.

నవల వచ్చినప్పుడు సమీక్షకుల్లో చాలామందికి గౌరి కొరుకుడు పడలేదు. మనసు లేని మనిషి అన్నారు, రచయిత్రి ఆమెను మనకు దగ్గర చేయలేకపోయింది అన్నారు. నా వైవాలో ఒక పరీక్షకుడు ఇంకో అడుగు ముందుకు వేసి, ఇది అసహజమైన తల్లి, మన దేశపు తల్లి కాదు, పాశ్చాత్య పాఠకుల కోసం కల్పించినది అన్నాడు. నేను ఉదయన్ గురించి అడిగాను. కడుపుతో ఉన్న భార్యను వదిలి చావుకు వెళ్ళినవాడు సహజమైన తండ్రేనా అని. అది వేరు, అది ఉద్యమం అన్నాడాయన. ఆ జవాబు నాకు ఉపయోగపడింది. ఎందుకంటే నవల నడిచేది కూడా దాదాపు ఆ తర్కం మీదే.

ఇక్కడ నాకు 'మనకు తెలియని మన చరిత్ర' గుర్తొస్తుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో పుస్తకంగా తెచ్చింది. అందులో దళాలతో తిరగడం కోసం కన్నబిడ్డల్ని వదులుకున్న స్త్రీల బాధ ఉంది. పోరాటం అయ్యాక ఇంటికి పొమ్మన్నప్పుడు వాళ్ళు పడ్డ అవమానమూ ఉంది. ఆ తల్లుల్ని మనం గౌరవిస్తాం. ఆ వదులుకోవడాన్ని త్యాగం అంటాం. వాళ్ళు స్వయంగా ఆ మాట అంత తేలిగ్గా వాడకపోయినా మనం వాడేస్తాం. ఉద్యమం కోసం బిడ్డను వదిలితే త్యాగం. హెగెల్ కోసం వదిలితే? దానికి మన భాషలో ఉన్న పేర్లన్నీ తిట్లే. మగవాడికైతే ఆ పనికి కూడా మంచి పేరే ఉంది, జ్ఞానాన్వేషణ. బుద్ధుడి కథ పిల్లలకు చెప్పేటప్పుడు రాహులుడి గురించి ఎంతసేపు చెప్తాం?

లాహిరి ఈ ప్రశ్న దాకా వచ్చింది. చాలా ధైర్యంగా వచ్చింది. సుభాష్‌ను చెడ్డవాడిని చేయలేదు, అది ఇంకా పెద్ద ధైర్యం. మన కథల్లో ఇల్లు వదిలే స్త్రీకి కొట్టే మొగుడో, తాగే మొగుడో, అనుమానించే మొగుడో ఉండి తీరాలి. కారణం బలంగా ఉంటే తప్ప ఆమెను గడప దాటనివ్వం. ఓల్గా 'స్వేచ్ఛ' 1987లో వచ్చినప్పుడు జరిగిన చర్చ మీకు గుర్తుండే ఉంటుంది. గౌరి వదిలేసింది ఒక మంచివాణ్ణి. కూతుర్ని తన కూతురిలా పెంచినవాణ్ణి. అంత మంచితనం మధ్య ఊపిరాడకపోవడం ఎలా ఉంటుందో నవలలోని అమెరికా అధ్యాయాలు చూపిస్తాయి. చిన్న బేలాను ఇంట్లో ఒంటరిగా వదిలి గౌరి బయటికి వెళ్ళి వస్తుండే ఘట్టం ఉంది. మొదట అయిదు నిమిషాలు, తర్వాత మరికొంచెం. ఒకరోజు సుభాష్ ముందుగా ఇంటికొచ్చి చూస్తాడు. ఎం.ఏ. క్లాసులో ఈ భాగం చదివినప్పుడు గది నిశ్శబ్దమైపోయింది. మగపిల్లలకంటే ఆడపిల్లలకే గౌరి మీద ఎక్కువ కోపం వచ్చింది. "నేనైతే చచ్చినా చేయను మేడమ్" అన్న అమ్మాయి కళ్ళలో నీళ్ళు. ఆ కోపం ఎంత భయం మీద నిలబడి ఉందో నాకు అర్థమైంది.

కానీ లాహిరి చివరిదాకా నిలబడలేదు. నా ఫిర్యాదు ఇదే. గౌరి కేవలం చదువుకోవాలని వెళ్ళిపోయింది అంటే నవల తట్టుకోలేకపోయింది. అందుకని ఆమెకు ఒక రహస్యం తగిలించింది. ఉదయన్ ఆమెను ఒక ఇంటికి పిల్లలకు పాఠాలు చెప్పడానికి పంపుతాడు. అక్కణ్ణుంచి ఒక పోలీసు ఎప్పుడు వస్తాడు, ఎప్పుడు పోతాడు, ఏ రోజు డ్యూటీ లేదు అన్నది గమనించి చెప్పమంటాడు. ఎందుకో చెప్పడు. తర్వాత ఆ పోలీసు హత్యకు గురవుతాడు. ఆ నేరంలో తనకు భాగం ఉందన్న భారం గౌరి జీవితాంతం మోస్తుంది. ఈ సంగతి నవలలో చాలా ఆలస్యంగా బయటపడుతుంది. బయటపడగానే చదివేవాళ్ళు ఒక నిట్టూర్పు విడుస్తారు. ఓహో, ఇదా కారణం! ఆమె తల్లి కాలేకపోవడానికి మూలం ఇక్కడుందా! చదువు ఒక గాయానికి కట్టుగా మారిపోతుంది. కోరిక లక్షణంగా మారిపోతుంది.

ఆ ఘట్టానికి ఇంకో అర్థం ఉందని నేను కాదనను. ఉద్యమంలో స్త్రీకి పని చెప్తారు, పని ఎందుకో చెప్పరు. గౌరి చేత తొలిసారి పాఠాలు చెప్పించింది కూడా ఒక కూపీ లాగడం కోసమే. ఆ దగా గురించి లాహిరి రాసిన పేజీలు పార్టీలలో పనిచేసిన ఏ స్త్రీ చదివినా తల ఊపుతుంది. రాజకీయంగా నవలలో అన్నిటికంటే పదునైన భాగం అదే. అయినా అది గౌరి మేధకు క్షమాపణ పత్రంగా పనిచేయడం నాకు మింగుడుపడలేదు.

మేధ అన్నాను కదా. గౌరి ఏం రాసింది? నవలలో ఒకే ఒక్క వాక్యంలో ఈ సంగతి వస్తుంది. జీవితంలో మూడు పుస్తకాలు అచ్చువేసిందట. హెగెల్ మీద స్త్రీవాద పరిశీలన ఒకటి. హోర్క్‌హైమర్ వ్యాఖ్యాన పద్ధతుల మీద ఒకటి. షోపెన్‌హావర్‌లో ఎదురుచూడటం అనే భావన గురించి, తన సిద్ధాంత గ్రంథంలోంచి పుట్టినది ఒకటి. అంతే. బేలా ఊరూరూ తిరుగుతూ పొలాల్లో పనిచేసిన ఏళ్ళకు పేజీలకు పేజీలు ఉన్నాయి. సుభాష్ ముసలితనంలో ఎలీస్ అనే స్త్రీని ప్రేమించి పెళ్ళి చేసుకోవడానికి చోటుంది. గౌరికి ఒక విద్యార్థినితో కొద్దికాలం ఏర్పడిన దేహ సంబంధానికీ చోటుంది. చివరి పేజీలు చనిపోయిన ఉదయన్‌వి. గౌరి ఏ ఆలోచన కోసం అన్నీ వదిలిందో ఆ ఆలోచనకు ఒక పేరా లేదు. ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఆ పుస్తకాలు తెరిచి చూసినట్టు నవల చెప్పదు. ఎదురుచూపు మీద తత్వశాస్త్రం రాసిన స్త్రీ! ఉరిశిక్షలాంటి ఎదురుచూపులు చూసినదీ, కూతుర్ని జీవితమంతా ఎదురుచూసేలా చేసినదీ ఆమే. ఆ పుస్తకంలో ఏముందో తెలుసుకోవాలని మనకు ఉండదా? రచయిత్రికి ఉండలేదా?

మగవాడు ఇల్లు వదిలిన కథను లాహిరి తర్వాత స్వయంగా అనువదించింది. దొమేనికో స్తార్నోనే ఇటాలియన్ నవల 'లాచ్చి'ని 2017లో 'టైస్' పేరుతో ఇంగ్లీషులోకి తెచ్చింది. భార్యనూ ఇద్దరు పిల్లల్నీ వదిలి వేరే అమ్మాయి కోసం వెళ్ళిపోయి, కొన్నేళ్ళకు తిరిగి వచ్చిన ఆల్డో కథ అది. ఆల్డోను నవల ఏమీ మెచ్చుకోదు. కానీ నవలలో సింహభాగం అతనే "నేను" అంటూ చెప్పుకుంటాడు. అతనికి ఇంటికి తిరిగి వచ్చే దారి ఉంది, కూర్చుని తనను తాను వివరించుకునే తీరిక ఉంది. గౌరికి "నేను" లేదు. ఆమె ఎప్పుడూ "ఆమె"యే. తిరిగి వచ్చినప్పుడు కూతురు ఆమెను పంపేస్తుంది. తర్వాత ఒక ఉత్తరం మాత్రం రాస్తుంది, మనవరాలి ద్వారా ఎప్పటికైనా ఒక దారి తెరుచుకోవచ్చన్నట్టు. వ్యక్తుల మధ్య అది న్యాయమే కావచ్చు. బేలాకు క్షమించాల్సిన బాధ్యత లేదు. నేనడుగుతున్నది బేలాను కాదు, నవలను.

ఆ తర్వాత అయిదేళ్ళకు ఇటాలియన్‌లో "నేను" వచ్చింది. 'దోవే మి త్రోవో' అంటే నేనెక్కడున్నాను, నన్ను నేను ఎక్కడ కనుగొన్నాను, రెండూ. నలభై ఆరు చిన్న చిన్న అధ్యాయాలు. నలభైల మధ్యలో ఉన్న స్త్రీ. పేరు లేదు, ఊరి పేరు లేదు, పెళ్ళి లేదు, పిల్లలు లేరు. యూనివర్సిటీలో పాఠాలు చెప్తుంది. కాలిబాట మీద, కొలనులో, హోటల్లో, తల్లి దగ్గర, ఇలా ఒక్కో చోట ఒక్కో నాలుగు పేజీలు. ఇంతకుముందు ఈ స్త్రీ లాహిరి రచనల్లో నేరస్థురాలు. ఇక్కడ ఆమెను ఎవరూ నిలదీయరు. ఒంటరితనాన్ని ఒక పనిగా, అభ్యాసంగా చెప్పుకుంటుంది. ఇంగ్లీషులో లాహిరి ఈమెను రాయలేకపోయిందని నా అనుమానం. ఇంగ్లీషులో ఆమెకు చదివేవాళ్ళున్నారు, వాళ్ళకు ఆమె మీద ఆశలున్నాయి, అమ్మానాన్నల తరం గురించి, బెంగాలీ ఇంటి గురించి. కొత్త భాషలో ఆమెను ఎవరూ దేనికీ పిలవలేదు. భాష మారినందుకే స్త్రీపాత్రకు శిక్ష తప్పింది.

అయినా ఈమె కూడా తన పని గురించి నోరు విప్పదు. ఒకప్పుడు ఒక కవి ఉండి చనిపోయిన గదిలో ఆమె ఆఫీసు ఉంటుంది. అక్కడ తనకు ఇమడదు. ఏం బోధిస్తుంది? ఏం చదువుతుంటే ఆమె గుండె కొట్టుకుంటుంది? తెలీదు. నలుగురు పండిత స్త్రీలు, నాలుగు పుస్తకాలు, పదిహేనేళ్ళు. ఎవరూ క్లాసులో ఒక మంచి మాట చెప్పగా మనం వినలేదు.

ఇది మరీ వింత. ఎందుకంటే లాహిరి స్వయంగా ఎలాంటి పండితురాలో చూడండి. 1989లో బార్నార్డ్ కాలేజీలో డిగ్రీ. ఆ తర్వాత బోస్టన్ యూనివర్సిటీలో సృజన రచనతో సహా మూడు ఎం.ఏ.లు, 1997లో పునరుజ్జీవన కాలపు అధ్యయనాల్లో డాక్టరేటు. పదిహేడో శతాబ్దం మొదట్లోని ఇంగ్లీషు నాటకాల్లో ఇటలీ రాజప్రాసాదాలు ఎలా కనిపిస్తాయన్నది ఆ సిద్ధాంత గ్రంథం విషయం. ఆమె 2012లో ఉన్నట్టుండి రోమ్ వెళ్ళిపోయిందని రాసేవాళ్ళు ఈ గ్రంథాన్ని తలవనైనా తలవరు. ఇటలీ ఆమె బీరువాలో పదిహేనేళ్ళుగా ఉంది. 1994లో చెల్లెలితో ఫ్లారెన్స్ వెళ్ళడానికి కొన్న చిన్న డిక్షనరీ గురించి ఆమే రాసింది. కథలతో పేరొచ్చాక ఆడవాళ్ళ పీహెచ్‌డీలు బయోడేటాలో ఒక పంక్తిగా మిగిలిపోతాయి. మగ రచయితకైతే అదే "పాండిత్యపు నేపథ్యం" అవుతుంది. 2015లో ఆమె ప్రిన్స్‌టన్‌లో సృజన రచన బోధించడానికి చేరింది. 2019లో ఆ విభాగానికి డైరెక్టర్ అయ్యింది. 2022లో తను చదువుకున్న బార్నార్డ్‌కే ప్రొఫెసర్‌గా తిరిగి వచ్చింది.

ప్రిన్స్‌టన్‌లో ఆమె చేసిన పనుల్లో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించినది అనువాదం బోధించడం. కథలు రాయాలనుకునే పిల్లలకు ముందు ఇంకొకరి వాక్యాన్ని మోయడం నేర్పడం. మనదగ్గర అనువాదాన్ని తీరిక వేళల పని కింద లెక్కేస్తారు. ఆడవాళ్ళకు బాగా నప్పుతుందని కూడా అంటారు, కుట్టుపనిలాగా. లాహిరి 2022లో వచ్చిన 'ట్రాన్స్‌లేటింగ్ మైసెల్ఫ్ అండ్ అదర్స్' వ్యాసాల్లో ఈ చిన్నచూపుకు నేరుగా ఎదురు నిలుస్తుంది. ఓవిడ్ కథలోని ఎకోను ఆమె తీసుకున్న తీరు చూడండి. ఎకో తనంతట తాను మాట్లాడలేదు, విన్న మాటల చివరలు మాత్రం తిరిగి చెప్పగలదు. నార్సిసస్ తన బొమ్మనే చూసుకుంటాడు. మనమందరం జాలిపడేది ఎకోను చూసి. లాహిరి ఆ జాలిని తోసేస్తుంది. వినడం తెలిసినది ఎకో ఒక్కతే కదా అంటుంది. ఇంకొకరి మాటను తన గొంతులో పట్టి ఉంచడంలో ఒక రచన ఉందంటుంది. ఇరవై ఏళ్ళు ఆమె నవలల్లో నేను వెతుక్కున్న స్త్రీ ఇక్కడ కనిపించింది. ఒక లాటిన్ మాట దగ్గర ఆగి, డిక్షనరీలు తిరగేస్తూ, సంతోషంగా బుర్ర పగలగొట్టుకుంటున్న స్త్రీ.

ఒక మాట మాత్రం దాచను. మూడో భాషను ఎంచుకునే స్వేచ్ఛ అందరిదీ కాదు. 'ఇన్ అదర్ వర్డ్స్'లో లాహిరి బెంగాలీని తల్లితో, ఇంగ్లీషును సవతి తల్లితో పోలుస్తుంది. మా క్లాసులో తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు సవతి తల్లి కూడా కాదు, గేటు దగ్గర వాచ్‌మన్. పులిట్జర్ చేతిలో ఉన్నవాళ్ళు ఆ గేటులోంచి బయటికి నడిస్తే అది సాహసం. లోపలికి రానివ్వనివాళ్ళకు అది కథ కూడా కాదు. ఆ పుస్తకంలోనే సలెర్నోలో జరిగిన ఒక సంగతి ఉంది. ఒక దుకాణంలో లాహిరి ఇటాలియన్‌లో చక్కగా మాట్లాడుతుంది. ఆమె భర్త నాలుగు మాటలు మాట్లాడతాడు. అమ్మే ఆమె భర్త ఇటాలియన్‌నే మెచ్చుకుంటుంది. ఎందుకంటే అతను చూడటానికి వాళ్ళలా ఉన్నాడు. అక్కడ మాత్రం ఆమెకూ మా పిల్లలకూ ఒకే గోడ అడ్డొచ్చింది. లాహిరి ఆ అవమానాన్ని దాచుకోకుండా రాసింది. నా విద్యార్థినుల్లో ఒకామె ఆ పేజీని జిరాక్స్ తీసి హాస్టల్ గదిలో అంటించుకుంది.

ప్రిన్స్‌టన్‌లో తన సహోద్యోగిని, లాటిన్ పండితురాలు యెలెనా బరాజ్‌తో కలిసి లాహిరి ఓవిడ్ 'మెటమార్ఫసీస్'ను ఇంగ్లీషులోకి అనువదించడానికి పూనుకుంది. ఆ పని నడుస్తుండగానే 2021లో ఆమె తల్లి చనిపోయింది. మనుషులు చెట్లుగా, పక్షులుగా, నీళ్ళుగా మారే ఆ కథలను పంక్తి పంక్తీ తిరగరాస్తూ తల్లి పోవడాన్ని ఎలా చూడగలిగిందో వ్యాసాల పుస్తకం చివర రాసింది. ఇద్దరు స్త్రీలు, ఒక పాత పుస్తకం, ఒక క్రియాపదం గురించి పేచీ, మధ్యలో ఆసుపత్రి నుంచి ఫోన్లు. తల్లి ఒక పక్క, పుస్తకం ఒక పక్క. గౌరికి ఈ రెంటిలో ఒకటే ఎంచుకోమని చెప్పిన రచయిత్రి తన జీవితంలో రెండూ ఒకే బల్ల మీద పెట్టుకుని పని చేసింది. 2022లో ఇటాలియన్‌లో, మరుసటి ఏడు ఇంగ్లీషులో వచ్చిన రోమ్ కథల్లో ఆ బల్ల కోసం వెతికాను. మెట్లున్నాయి, పార్టీలున్నాయి, వలస వచ్చినవాళ్ళ మీద విసిరిన రాళ్ళలాంటి మాటలున్నాయి. ఆ బల్ల ఇంకా రాలేదు.